ఓర్వాల్ పానపాత్ర

త్రాగుట వేఱు, రుచి చూచుట వేఱు. దప్పిగొన్నవాడు పాత్రను పెదవులకు చేర్చి ఒక్క గ్రుక్కలో ఖాళీ చేయును. వానికి నీటి చల్లదనము తెలియునే గాని నీటి రుచి తెలియదు. రుచి చూడదలచినవాడు ముందుగా ఆగును. కంటితో చూచును, వాసన పీల్చును, కొద్దిగా నోట నుంచుకొని నిదానించును, తనకు తోచినదానికి పేరు పెట్టుటకు ప్రయత్నించును. పేరు దొరకనిచో మఱల చూచును. పద్యమునకు అన్వయము చెప్పు ఉపాధ్యాయుడు చేయు పనియు, పువ్వును రేకురేకుగ విడదీసి పరీక్షించు విద్యార్థి చేయు పనియు ఇదియే. ఐరోపా ఖండమున బెల్జియము దేశస్థులు ఈ నిదానమును బీరు విషయమున ఒక విద్యగా పెంపొందించుకొనిరి. 2016వ సంవత్సరమున యునెస్కో సంస్థ బెల్జియము బీరు సంస్కృతిని మానవజాతి అమూర్త వారసత్వ సంపదల పట్టికలో చేర్చినది.

మద్యమను మాట వినగనే తెలుగింటి పెద్దలు ముఖము చిట్లింతురు. అందుకు తగిన కారణములు లేకపోలేదు. వానిని కడపట చూడవలసియే యుండును. అయినను ఒక్క గాజు పాత్రలోని తేనెవన్నె ద్రవములో వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, ఒక చట్టము కథ, కాలి కూలిన మఠమొకటి తిరిగి లేచిన చరిత్ర - ఇన్నియు కలిసి యున్నవనిన వినువారికి వింతగ తోచక మానదు. ఆ పానీయము పేరు ఓర్వాల్. బీర్లలో ‘ఏల్’ అను తెగకు చెందినది. వన్నె ఎఱ్ఱతేనె వన్నె. బలము సాధారణపు బీరు బలముకంటె హెచ్చు.

బంగారు లోయ

బెల్జియము దక్షిణపు కొనయందు, ఫ్రాన్సు సరిహద్దునకు చేరువలో, ఫ్లోరెన్‌విల్ అను చిన్న పట్టణము కలదు. అచటికి సమీపమున అడవుల నడుమ నున్నదే ఓర్వాల్ లోయ. 1070వ సంవత్సర ప్రాంతమున ఇటలీ దేశపు దక్షిణ భాగమైన కలబ్రియా నుండి వచ్చిన క్రైస్తవ యతులు ఇచట నివాస మేర్పరచుకొనిరి. ఆ కాలమునకు సంబంధించి ఒక గాథ ప్రచారములో నున్నది. తస్కనీ ప్రాంతపు పాలకురాలు మటిల్డా భర్తను గోల్పోయి, ఈ లోయలోని నీటి ఊట యొడ్డున కూర్చుండి యుండగా, ఆమె పెండ్లి యుంగరము వ్రేలి నుండి జాఱి నీటిలో పడినదట. ఆమె దుఃఖించి దైవమును ప్రార్థింపగా, ట్రౌటు చేప యొకటి ఉంగరమును నోట కఱచుకొని నీటిపైకి వచ్చినదట. ఇది నిజముగ బంగారు లోయయే యని ఆమె సంతోషించినదట. ఫ్రెంచి భాషలో ‘ఓర్’ అనగా బంగారము, ‘వాల్’ అనగా లోయ. శకుంతల యుంగరము చేప కడుపున దొరకిన కథ నెఱిగిన తెలుగు విద్యార్థికి ఈ గాథ పరాయిదిగ తోచదు. నేటికిని ఓర్వాల్ సీసాపై ఉంగరమును నోట కఱచుకొన్న చేప బొమ్మ యుండును. ఆ ఊట నీరే బీరు తయారీకి ఆధారము.

1132వ సంవత్సరమున సిస్టర్షియన్ శాఖకు చెందిన యతులు ఈ మఠమున ప్రవేశించిరి. శతాబ్దముల తరబడి మఠము వర్ధిల్లినది. 1793వ సంవత్సరమున ఫ్రెంచి విప్లవ సైన్యము దానికి నిప్పు పెట్టినది. గోడలు కూలినవి, యతులు చెదరిపోయిరి. నూటముప్పది సంవత్సరములకు పైగా ఆ లోయలో మిగిలినవి శిథిలములును, వానిపై పెరిగిన తీగలును, ఆ ఊటయును మాత్రమే.

1926వ సంవత్సరమున ఆ భూమికి యజమానులైన డి హరెన్ కుటుంబమువారు శిథిలములను, చుట్టునున్న భూమిని యతులకు తిరిగి దానము చేసిరి. గెంట్ నగరమునకు చెందిన మారీ-ఆల్బెర్ వాన్ డెర్ క్రూయిసెన్ అను యతి పునర్నిర్మాణ భారమును తలకెత్తుకొనెను. వాస్తుశిల్పి హెన్రీ వేస్ నమూనాలు గీచెను. కాని రాయి రాయికిని ధనము కావలెను. దాతలు ఇచ్చినది చాలలేదు. 1931వ సంవత్సరమున మఠపు ఆవరణలో బీరు తయారు చేయు శాల నొకదానిని స్థాపించిరి. 1932లో తొలి బీరు బయటికి వెళ్లినది. మొదటి నుండియు ఆ శాలలో గృహస్థులైన కార్మికులే పని చేసిరి. మొదటి తయారీ నిపుణుడు మార్టిన్ పాపెన్‌హైమర్ అను జర్మను దేశస్థుడు. గుడిని గీచిన హెన్రీ వేసే, ఆ బీరును త్రాగుటకు వెడల్పైన మూతియు, పొట్టి కాడయు గల పానపాత్రను కూడ గీచెను. 1948 నాటికి మఠ నిర్మాణము పూర్తి యయ్యెను. ఆ గోడలలో కొంత భాగము బీరు కట్టినదే యనిన అతిశయోక్తి కాదు.

సన్న్యాసికి బీరేల?

సన్న్యాసులు మద్యము చేయుట యేమి యని ప్రశ్న పుట్టును. ఆఱవ శతాబ్దమున సెయింట్ బెనెడిక్ట్ వ్రాసిన నియమావళియే ఈ యతుల జీవితమునకు మూలము. అందులో నలుబది యెనిమిదవ ప్రకరణము చేతిపనిని గూర్చినది. యతి తన రెక్కల కష్టముతో బ్రతుకవలెను గాని పరుల సొమ్ముపై ఆధారపడరాదని దాని సారము. నలుబదవ ప్రకరణము పానమును గూర్చినది. యతులకు ద్రాక్షరసము తగదని ఒప్పుకొనుచునే, దానిని పూర్తిగ మానుమనిన వినువారు లేరు గనుక, దినమునకు ఇంత యని కొలత విధించి, తృప్తి తీరునంతవరకు త్రాగవలదని చెప్పినది. మానవ స్వభావమును ఎఱిగిన గురువు వ్రాసిన నియమ మది: నిషేధము కంటె కొలతపై అచట నమ్మక మెక్కువ.

1664వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని లా ట్రాప్ మఠమున డి రాన్సే అను మఠాధిపతి ఈ నియమములను మఱింత కఠినముగ అమలు పఱచెను. ఆ మఠము పేరున అట్టి యతులకు ట్రాపిస్టులను పేరు వచ్చినది. 1997వ సంవత్సరమున ఏర్పడిన అంతర్జాతీయ ట్రాపిస్టు సంఘము, ఆ పేరుగల బీరునకు మూడు షరతులు విధించినది. బీరు మఠపు గోడల లోపల, యతుల స్వహస్తములతోనో వారి పర్యవేక్షణలోనో తయారు కావలెను. ఆ పని మఠ జీవితమునకు లోబడి యుండవలెను గాని దానిని మ్రింగివేయరాదు. వచ్చిన లాభము యతుల పోషణకును, మఠము సంరక్షణకును, ధర్మకార్యములకును పోవలెను. బెల్జియములోని ఆఖెల్ మఠమున యతులెవరును మిగులనందున 2021లో అచటి బీరు ఈ గుఱుతును కోల్పోయినది. బీరు రుచిలో లోపము వచ్చి కాదు. ఓర్వాల్ యతులు తమ భోజనమున త్రాగునది అమ్మకమునకు పోవు బీరు కాదు. అంతకంటె చాల తక్కువ బలము గలది.

చట్ట మొకటి తలచిన

బెల్జియములో బలమైన బీర్లు ప్రబలుటకు వేఱొక కారణమును కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచటి గనులలోను, మిల్లులలోను పనిచేయు కార్మికులు ‘జెనెవర్’ అను ఘాటైన సారాయికి బానిసలై కుటుంబములను గుల్ల చేసికొనుచుండిరి. సోషలిస్టు నాయకుడును, న్యాయశాఖ మంత్రియునైన ఎమిల్ వాండర్‌వెల్డె పేరున 1919లో ఒక చట్టము వచ్చినది. పానశాలలలో సారాయి అమ్మకము నిషిద్ధమయ్యెను; అంగడిలో కొనదలచినవాడు రెండు లీటర్లకు తక్కువ కొనరాదు. దినకూలివాని చేతిలో రెండు లీటర్ల ధర ఒక్కమాఱుగ ఉండదని ఆ ఏర్పాటులోని ఊహ.

తా నొకటి తలచిన దైవ మొకటి తలచెను. సారాయి దొరకని పానశాలలో జనులు బలమైన బీరును కోరిరి. తయారుచేయువారు అట్టిదానినే అందించిరి. నేడు లోకము మెచ్చు బలమైన బెల్జియము బీర్లు పెంపొందుటకు మద్యపానమును అరికట్టదలచిన ఈ చట్టము కూడ తోడ్పడినదని బీరు చరిత్రకారులు చెప్పుదురు. వెస్ట్‌మాల్ మఠమువారు తమ తొమ్మిదిన్నర శాతపు బీరును 1930 తరువాతి దశకముననే వెలువరించిరి. చట్టము 1983 వరకు నిలిచినది. దాని ఉద్దేశ్యము మంచిదే. సారాయి వాడుకయు తగ్గినది. కాని మనుష్యుని కోరిక ఒక వాకిలి మూసిన మఱియొక వాకిలి వెదకుకొనునను సత్యమును కూడ అది చాటినది.

రెండు ప్రాణులు, ఒక సీసా

బీరునకు మూలము బార్లీ గింజ. గింజను నానవేసి మొలకెత్తించి, మొలక సాగకముందే వేడిగాలితో ఆరబెట్టుదురు. దీనిని మాల్టు అందురు. మొలకెత్తునపుడు గింజలో పుట్టిన ఎంజైములు, పిమ్మట వెచ్చని నీటిలో, గింజలోని పిండిని చక్కెరగా మార్చును. మాల్టులో కొంత భాగమును ఎక్కువ వేడిమిపై వేచినచో గోధుమ వన్నెయు, కాచిన బెల్లపు పాకము వంటి వాసనయు వచ్చును. దోసె అంచు ఎఱ్ఱబడునపుడు, రొట్టె పైపొర కాలునపుడు జరుగు రసాయన చర్యయే ఇచటను జరుగును. 1912లో దీనిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామీ మయార్ పేరుననే అది ప్రసిద్ధము. ఓర్వాల్ వన్నె ఇట్లు వేచిన కొద్ది పాటి మాల్టు వలన వచ్చినదే.

మాల్టు రసములో హాప్స్ అను తీగ పూలు వేసి కాచుదురు. వీనిలోని ఆమ్లములు కాగుటచే మాఱి చేదు నిచ్చును. చెడు సూక్ష్మజీవులను కొంతవఱకు అడ్డును. బెల్జియము వారి అలవాటు ప్రకారము కొంత చక్కెరయు కలుపుదురు. ఇది బీరును తియ్యగ చేయుటకని తలచిన పొరపాటు. ఈస్టు చక్కెర నంతను తినివేసి మద్యసారముగ మార్చును; అందువలన బలము పెరుగును గాని చిక్కదనము పెరుగదు. బలమైన బెల్జియము బీరు నోటికి తేలికగ తోచుటకు రహస్య మిదియే. దాని ప్రమాదమును ఇందులోనే దాగి యున్నది.

ఓర్వాల్ విశేషము పులియబెట్టుటలో నున్నది. ఏల్ తెగ బీర్లకు వాడు ఈస్టు వెచ్చని తావున త్వరితముగ పనిచేయును. పండ్ల వాసనలు పుట్టించును. తొలి పులియుట ముగిసిన పిమ్మట, ఇంగ్లండువారి పాత పద్ధతి ననుసరించి, ఎండు హాప్స్ పూలను గుడ్డ సంచులలో కట్టి చల్లని బీరులో వ్రేలాడదీయుదురు. కాగని పూల నుండి చేదుకంటె పరిమళ మెక్కువగ దిగును. కషాయమునకును, పన్నీటికిని గల భేదము వంటి దిది. ఈ దశలోనే ‘బ్రెట్టనోమైసిస్’ అను రెండవ జాతి ఈస్టు ప్రవేశించును.

ఈ రెండవ ప్రాణి చరిత్ర వింతైనది. 1876లో లూయీ పాశ్చర్ బీరును గూర్చిన గ్రంథమున, బీరు చెడిపోవుటకు కంటికి కనబడని పరాయి జీవులే కారణమని నిరూపించెను. 1883లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ పరిశోధనాలయమున ఎమిల్ హాన్సెన్ ఒకే ఈస్టు కణము నుండి శుద్ధమైన సంతతిని పెంచి, బీరు తయారీకి నిలుకడ తెచ్చెను. అచటి వాడే యైన హెల్టె క్లాసెన్ 1904లో ఇంగ్లండు నిలువ బీర్ల ప్రత్యేక రుచికి వేఱొక జాతి ఈస్టు కారణమని ప్రకటించి, ‘బ్రిటిషు శిలీంధ్రము’ అను అర్థము వచ్చు గ్రీకు మాటలతో దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టెను. ద్రాక్షసారా చేయువారు నేటికిని దీనిని చూచి భయపడుదురు. పీపాలో ఇది చేరిన సరకు చెడినదని నెత్తి కొట్టుకొందురు. అట్టి దానిని ఓర్వాల్ వారు పిలిచి పీట వేసిరి. ఒకచోట దోషమైనది వేఱొకచోట గుణమగుటకు ఇంతకంటె మంచి నిదర్శనము కానరాదు. తాటిచెట్టు నుండి దిగిన కల్లులోను ఎవరును వేయని ఈస్టులే గాలి నుండియు, లొట్టి నుండియు చేరి, పూట తిరుగునప్పటికి దానిని పులియించును. కల్లులో గడియలలో జరుగునది ఓర్వాల్ సీసాలో నెలల తరబడి సాగును.

కన్ను, ముక్కు, నాలుక

ఓర్వాల్ సీసా అడుగు లావై మెడ సన్నమై యుండును. గాజు ముదురు గోధుమ వన్నెది; ఇది అందమునకు కాదు. వెలుతురు సోకిన హాప్స్ చేదు విఱిగి, ముక్కు మూసికొనదగిన గంధకపు కంపు పుట్టును. ముదురు గాజు దానిని ఆపును. రుచి చూచువాడు సీసాను నిలువుగ నుంచి, మడ్డి అడుగున పేరుకొన నిచ్చును. చాల చల్లగ నుండరాదు. పండ్రెండు నుండి పదునాలుగు డిగ్రీల సెంటిగ్రేడు తగినది. మంచువలె చల్లనైనచో వాసనలు ద్రవములోనే బంధింపబడి పైకి లేవవు; నాలుకయు మొద్దుబారును. పాత్రలో నూనె జిడ్డు ఏమాత్రమును ఉండరాదు. జిడ్డు నురుగును చంపును.

పాత్రను వంచి, మెల్లగ పోసి, అడుగున ఒక వ్రేలి మందము మిగులగనే ఆపుదురు. తెల్లని నురుగు గోపురము వలె లేచును. సీసాలో సాగిన మూడవ పులియుటచే పుట్టిన బొగ్గుపులుసు వాయువు పైకెగయుచుండగా, బార్లీ మాంసకృత్తులును, హాప్స్ చేదును కలిసి బుడగ గోడలను గట్టి పఱచును. క్రింద ద్రవము నారింజ ఛాయగల తేనె వన్నె, కొద్దిగ మసక.

పిమ్మట ముక్కు. మొదటి శ్వాసలో నారింజ తొక్కయు, ఎండుగడ్డియు, మిరియపు ఘాటును తోచును. ఇది హాప్స్ పూలు పలికిన మాట. పాత్రను కొద్దిగ త్రిప్పి రెండవమాఱు పీల్చిన, క్రింద వేఱొక వాసన యుండును: పాత తోలు సంచి, గుఱ్ఱపు జీను క్రింద పరచిన కంబళి, తడిసిన నేల, నడుమ ఒకింత లవంగము. ఇది బ్రెట్టనోమైసిస్ పలికిన మాట. ఇథైల్ ఫినాల్, ఇథైల్ గ్వాయకాల్ అను పదార్థములు దీనికి కారణము. గుఱ్ఱపు కంబళి యనిన నిందవలె వినబడును. కాని బీరు నెఱిగినవారు దీనిని మెచ్చుకోలుగనే వాడుదురు. మట్టి వాసనను తొలకరినాడు మెచ్చుకొను తెలుగువారికి ఈ మర్మము సులభముగ బోధపడును.

ఇక నాలుక. తెలుగు భాష రుచులను ఆఱుగ విభజించినది: తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు. ఓర్వాల్ గుటకలో తీపి కనబడి కనబడనట్లు మెఱసి మాయమగును. వెంటనే ఒకింత పులుపు. దానిపై బుడగల చిమచిమ. తరువాత వచ్చునది చేదు; వేపపూవు చేదువలె కటువు గాక, శుభ్రముగ, నిలుకడగ నుండును. మ్రింగిన పిమ్మట నోరు పొడిబారి, కరక్కాయ నమలినపుడు తోచు వగరు లేశముగ మిగులును. చక్కెర యంతయు రెండు ఈస్టులు తినివేసినందున ఈ పొడిదనము వచ్చినది. ఉగాదినాడు ఒక్క పాత్రలో ఆఱు రుచులను కలిపి, వేనికి వానిని గుర్తింపుమని పిల్లల నడుగు ఇంట పెరిగినవారికి ఈ పరీక్ష క్రొత్తది కాదు.

ఇచట ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి కలదు. నాలుక కొన తీపిని, ప్రక్కలు పులుపును, వెనుక భాగము చేదును మాత్రమే గ్రహించునని పటము గీచి బోధించుట చిరకాలము సాగినది. 1901లో హేనిగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు నాలుక భాగముల మధ్య స్వల్ప భేదములు మాత్రమే చూపెను. తరువాతివారు ఆ గీతలను తప్పుగ చదువుటచే ఆ పటము పుట్టినది. 1974లో వర్జీనియా కాలింగ్స్ చేసిన పరిశోధన, రుచిమొగ్గలు గల అన్ని భాగములును అన్ని రుచులను గ్రహించునని చూపినది. రుచి యని అనుకొనునందులో అధిక భాగము వాసనయే. మ్రింగునపుడు గొంతు వెనుక దారిన ముక్కును చేరు వాసన. జలుబు చేసినవానికి కూర చప్పగ నుండుట ఇందువలననే.

తోచినదానికి పేరు పెట్టుట కష్టమైన పని. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు మోర్టెన్ మైల్‌గార్డ్ 1970 తరువాతి దశకమున బీరు రుచులను, వాసనలను ఒక చక్రముగ అమర్చెను. ఒకని మాట మఱియొకనికి అర్థము కావలెననుటయే దాని ఉద్దేశ్యము. బాగున్నది, బాగులేదు అనునవి తీర్పులు. లవంగము, తోలు, నారింజ తొక్క అనునవి సాక్ష్యములు. సాక్ష్యము లేని తీర్పు చెల్లదని న్యాయస్థానమునకే కాదు, తరగతి గదికిని వర్తించును.

కాలము పోసిన రుచి

ఓర్వాల్ సీసాపై నింపిన తేదీ ముద్రింపబడి యుండును. రుచి చూచువాడు ముందుగా దానినే చదువును. నింపిన కొద్ది నెలలలోపల తెఱచినచో హాప్స్ పరిమళము పొంగుచుండును. చేదు పదునుగ నుండును. తోలు వాసన ఇంకను నిద్రించుచుండును. ఆఱు నెలలు దాటిన పిమ్మట బ్రెట్టనోమైసిస్ తన స్వరము విప్పును. సంవత్సరము, రెండు సంవత్సరములు గడచిన చేదు మెత్తబడి, పూల వాసన వెనుకకు తగ్గి, తోలును ఎండిన పండ్లును ముందుకు వచ్చును. మిగిలిన చక్కెరలను కూడ ఈస్టు తినుచుండుట వలన బలమును కొంచెము పెరుగును. బెల్జియములో కొన్ని పానశాలలు క్రొత్తది, పాతది యని రెండు విధముల ఓర్వాల్‌ను అడిగినవారికి అందించును. ఏది మేలనిన ఏకాభిప్రాయము లేదు; ఉండనవసరమును లేదు. క్రొత్త ఆవకాయ కొందఱికి, ఊరిన ఆవకాయ కొందఱికి.

సరకు ఎల్లప్పుడును ఒకే తీరున నుండవలెనని కోరు యంత్రయుగమున, కాలముతో మాఱుటకు అనుమతి పొందిన వస్తువు లరుదు. ఓర్వాల్ మఠము అమ్ముటకు సీసాలలో నింపునది ఈ ఒక్క బీరే. దానినే సంవత్సరముల తరబడి చేయుదురు; అయినను ఏ రెండు సీసాలును ఒకే వయస్సున ఒకే మాట చెప్పవు.

కొలత

బలమును గూర్చి చెప్పవలసినది మిగిలినది. ఓర్వాల్ సీసా 330 మిల్లీలీటర్లు పట్టును. మద్యసారము నూటికి 6.2 పాళ్లు. అనగా ఒక్క సీసాలో సుమారు 20 మిల్లీలీటర్లు, తూకమునకు 16 గ్రాముల శుద్ధ మద్యసార మున్నది. బుగ్గెన్‌హౌట్ గ్రామమున తయారగు పావెల్ క్వాక్ అను వేఱొక తేనెవన్నె ఏల్ 8.4 శాతముది, అంతే పరిమాణమున అది సుమారు 22 గ్రాములు మోయును. లెక్కల ఉపాధ్యాయుడు మద్యసారపు సాంద్రత 0.789 అని చెప్పి ఈ లెక్కను పిల్లలచేతనే వేయింపవచ్చును. మనుష్యుని కాలేయము ఈ భారమును గంటల తరబడి మెల్లగ తొలగింపవలసి యుండును. చన్నీటి స్నానము గాని, కాఫీ గాని దానిని త్వరపెట్టజాలవు.

ఈ బలము నోటికి తెలియదు. పొడిదనము, చేదు, బుడగలు కలిసి దానిని కప్పిపుచ్చును. రుచి ఎంత సమతూకముగ నున్న బలము అంత మఱుగుపడును. తయారీ నైపుణ్యమే ఇచట త్రాగువానికి ఉచ్చు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ మద్యమును కాన్సరు కలిగించునవిగ నిశ్చయమైన పదార్థములలో చేర్చినది. ఆరోగ్యమునకు హాని లేని మద్యపు మోతాదు లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టముగ ప్రకటించినది. మఠములో పుట్టినందున గాని, యునెస్కో పట్టికలో చేరినందున గాని ఈ సత్యము మాఱదు. పిల్లలకును, గర్భిణులకును, వాహనము నడపువారికిని, మానలేని అలవాటుతో పోరాడుచున్నవారికిని ఒక్క గుటకయు తగదు. తెలుగింటి పెద్దలు ముఖము చిట్లించుట ఊరక పుట్టినది కాదు.

మఱి ఈ విద్యవలన ప్రయోజన మేమి? రుచి చూచుటలో నిపుణుడైనవాడు తక్కువతోనే తృప్తి పడుట నేర్చును. ఒక్క పాత్రలో ఇంత చూడగలిగినవానికి రెండవ పాత్ర తొందర యుండదు. మూడవ పాత్ర నాటికి నాలుక మొద్దుబారి ఏమియు చెప్పజాలదని వానికి తెలియును. త్రాగుబోతునకు తెలియని మొదటి వస్తువు రుచియే. ఈ నిదానమునకు మద్యమే కావలెనని లేదు. ఇంటి మామిడికాయను, బావినీటిని, క్రొత్త బెల్లమును, సంక్రాంతినాటి నువ్వులను కన్ను మూసికొని రుచి చూచి, తోచినది తోచినట్లు మాటలలో పెట్టుమని అడిగిన చాలును. విద్యార్థి నాలుకకు చదువును, భాషకు పదునును ఒక్కమాఱు అబ్బును. ఓర్వాల్ యతులు అమ్ముట కొకదానిని, తాము త్రాగుట కంతకంటె బలహీనమైన దానిని చేసికొనిరి. చేయగలిగినదానికిని, తీసికొనదగినదానికిని మధ్య గీత గీచుకొనుట వారు నేర్చిన విద్య. ఏ వస్తువును రుచి చూచుటకైనను మొదట నేర్వవలసినది అదియే.